గృహాగ్ని - అక్రోధము

ఋగ్వేదంలోని ప్రథమ సూక్తం అగ్నిస్తుతి. గృహస్థునికి అగ్ని కేవలం పాకసాధనం కాదు. దేవతలకు హవ్యాన్ని, పితరులకు కవ్యాన్ని చేర్చే వాహకుడు. నేడు ఆ అగ్ని మన వంటింటికి 14.2 కిలోల ఎర్రని సిలిండరులో వస్తున్నాడు. రూపం మారినా గృహస్థధర్మం మారలేదు.

మార్కాపురంలో లక్ష్మీచెన్నకేశవస్వామి ఆలయానికి సమీపంలో ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయులు నివసిస్తున్నారు. తల్లిగారి ఆబ్దికం నాటి ఉదయం ఆయన ఇంట గ్యాస్ అయిపోయింది. పదిహేను రోజుల ముందే బుక్ చేసినా సిలిండరు రాలేదు. భోక్తలు వచ్చే వేళ సమీపిస్తోంది. పెరట్లో మూడు రాళ్లు పెట్టి కట్టెలు రాజేశారు. పొగకు కోడలి కళ్లు ఎర్రబడ్డాయి. నల్లమల కట్టెల పొగలో జీవితమంతా వండిన తల్లి దగ్గు ఆయనకు స్మరణకు వచ్చింది. ఆ వేదన క్రోధమైంది. సిలిండరు తెచ్చే కుర్రవానికి ఫోన్ చేసి పరుషంగా మాట్లాడారు. "లోడు రాలేదు అయ్యవారూ, నేనేం చేసేది?" అన్నాడతడు.

శ్రాద్ధం యథావిధిగా ముగిసింది. కాని శ్రాద్ధకర్తకు శౌచం, అక్రోధం, అత్వర అనే మూడూ ప్రశస్తమని మనుస్మృతి చెబుతున్నది. ఏళ్ల తరబడి దానిని బోధించిన తానే ఆ దినాన రెండింటిని కోల్పోయానని ఆయన రాత్రంతా పరితపించారు.

మరునాడు ఏజెన్సీని మార్చాలని నిశ్చయించుకున్నారు. వంటగ్యాస్ వినియోగదారునికి ఈ స్వేచ్ఛ ఉన్నది. 2014 జనవరిలో దేశంలోని అనేక జిల్లాలకు ఆ సదుపాయం విస్తరించింది. అయితే క్రోధంతో చేసిన ఎంపిక వివేకం కాజాలదని తలచి, పక్షం రోజులు ఆగి విచారణ చేశారు. ఇండేన్, భారత్ గ్యాస్, హెచ్.పి. గ్యాస్ - మూడింటిలోనూ ఇంధనం ఒక్కటే, ధరలోనూ చెప్పుకోదగిన భేదం లేదు. భేదమంతా సేవలోనే. బుక్ చేసిన ఎన్నాళ్లకు వస్తుంది? ఎదుటనే తూచి ఇస్తారా? లీకు పరీక్షిస్తారా? రసీదుకు మించి అడుగుతారా? ఈ ప్రశ్నలను ఇరుగుపొరుగువారిని అడిగారు. వేరే కంపెనీకి మారితే పాత సిలిండరును, రెగ్యులేటరును అప్పగించి డిపాజిట్ వెనక్కు తీసుకోవాలి. అదే కంపెనీలోని మరొక ఏజెన్సీకైతే ఆ శ్రమ లేదు. అందుచేత కంపెనీని ఉంచి ఏజెన్సీని మాత్రం మార్చారు. రెండవ సిలిండరు కూడా తీసుకున్నారు. ముందుచూపు లేకపోవడంలో తన దోషమూ ఉన్నదని అంగీకరించారు.

అయినా మనస్సులో ఒక ముల్లు మిగిలింది. ఏజెన్సీ మారితే సిలిండరు వేళకు రావచ్చు. అన్న మాట వెనక్కు రాదు. ఒక సాయంకాలం గిద్దలూరు రోడ్డున సిలిండర్ల ఆటో ప్రక్కన ఆ కుర్రవాడు కనిపించాడు. భుజం మీద బరువుల వల్ల కాయలు కాచి ఉన్నాయి. "నాయనా, ఆనాడు నా మాట తప్పు" అన్నారు. అతడు సిగ్గుపడి, "అమ్మగారి తద్దినం బాగా జరిగిందా అయ్యవారూ?" అని అడిగాడు.

ఆయన వెంటనే ఉత్తరమివ్వలేకపోయారు. కొంతసేపటికి, "ఇప్పుడు జరిగింది నాయనా" అన్నారు.

స్వస్తి.