పెనము మీది చేప

నీ యింట చేపముక్క పెనమునకు అంటుకొని విరిగిపోయినప్పుడు ఎవరిమీద కోపపడుదువు? పెనము మీదనా, చేప మీదనా, వండిన మనిషి మీదనా? ఇది బహు చిన్న ప్రశ్న. అయినను ఒక దినమున దీనికి నేనిచ్చిన జవాబు చెడ్డదైనందున 14 నెలలు నా కుమారుడును కోడలును మా గడప త్రొక్కలేదు. నా తప్పు దాచుకొనుటకంటె నీకు చెప్పుటయే మేలని తలంచి వ్రాయుచున్నాను.

మేము కాపురముండునది శామీర్‌పేట చెరువు దిగువన. సికింద్రాబాదునుండి కరీంనగరు పోవు దారిలో ఈ పెద్ద చెరువును నీవు చూచియే యుందువు. ఇచ్చట చేప అనగానే మొదట తలంపునకు వచ్చునది పులుసు. చేప పాత్రలో పడిన తరువాత గరిటె పెట్టరాదనియు, పాత్రను గుడ్డతో పట్టుకొని మెల్లగా త్రిప్పవలెననియు మా తల్లులు నేర్పిరి. మేకమాంసమువలె చేపకండ గట్టి నరములతో బిగింపబడలేదు. నీళ్లే దాని బరువు మోయును గనుక దానికి అంత బిగువు అక్కరలేదు. అందుచేత కొంచెము వేడి తగిలినంతనే పొరలు పొరలుగా విడిపోవును. ఈ సంగతి పులుసు విషయములో నాకు బాగుగా తెలియును. వేపుడు విషయములో మరచితిని. మనుష్యుల విషయములో అసలే తలంచలేదు.

2022 జూన్ నెలలో మృగశిర కార్తె ప్రవేశించిన దినమది. ఆనాడు మన తెలంగాణలో చేప వండని యిండ్లు కొద్ది. సంఘములోని పెద్దలు నలుగురు మా యింట భోజనమునకు వచ్చిరి. నేను అంగడికి పోయి బ్రదికియున్న కొరమీను తెచ్చితిని. 2016లో మన రాష్ట్రపు చేపగా ఎన్నుకొనబడినది ఇదియే. ఇది నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనును. చెరువు ఇంకిపోయినను తడి బురదలో కొంతకాలము ప్రాణము నిలుపుకొనును. రవ్వ, బొచ్చెలకు ఉన్నట్లు సన్నని ముళ్లు దీని కండలో చెదరియుండవు. వెన్నుముల్లును ప్రక్కముళ్లును తీసివేసినయెడల ఆ తెల్లని ముక్కను పిల్లలకును వృద్ధులకును భయములేక పెట్టవచ్చును.

నా కోడలు సిద్దిపేట వైపు పిల్ల. పెండ్లియై అప్పటికి నాలుగు నెలలైనది. ఆమె ముక్కలను పెనముమీద వేసి అట్లకాడ చేతబట్టి ఊరకనే నిలుచుండెను. లోపల అతిథులు కనిపెట్టుచున్నారు. నాకు ఓర్పు లేకపోయెను. "త్రిప్పవేమి?" అంటిని. "ఆగుండ్రి అత్తమ్మా, అదే ఇడుస్తది" అని ఆమె మెల్లగా చెప్పెను. నేను ఆమె చేతిలోని అట్లకాడ లాగుకొని ముక్క క్రింద గ్రుచ్చితిని. ముక్క మూడుగా విరిగెను. అడుగు పెనమునకే అంటియుండెను. అప్పుడైనను నోరు మూసికొనవలసినది. అతిథులు వినునట్లు, "మీ యింట నీకు వంట నేర్పినవారు లేరా?" అంటిని.

ఆమె ఏమియు అనలేదు. విరిగిన ముక్కలను పళ్లెములో సర్ది వడ్డించెను. ఆ నెల గడువకమునుపే నా కుమారుడు అల్వాలులో ఇల్లు అద్దెకు తీసికొనెను. పనికి దగ్గర అని చెప్పెను గాని, కారణము మా కందరికిని తెలియును.

అప్పటినుండి నేను కనిపెట్టుకొని యుంటిని. "వారే వత్తురు, నేనేల పోవలెను?" అని నాలో ననుకొంటిని. దానిని ఓర్పని పిలుచుకొంటిని. ఇరుగుపొరుగువారు అడిగినప్పుడు, "ప్రార్థన చేయుచున్నాను" అని చెప్పుచుంటిని. ప్రార్థన చేసిన మాట నిజమే. కాని మార్చుమని నేను వేడుకొనినది కోడలి హృదయమును, నా హృదయమును కాదు.

ఒక సాయంకాలము ఒంటరిగా చేప వేపుచుంటిని. పెనము కాగకమునుపే నూనెపోసి ముక్క వేసితిని. కోడలి మాట జ్ఞాపకము చేసికొని ఎంతసేపో ఆగితిని. అయినను అది వదలలేదు. మునుపటికంటె గట్టిగా అంటుకొనెను. మరుసటి వారము చెరువుకట్ట దగ్గర చేపలమ్ము ఒక పెద్దామెతో ఈ సంగతి చెప్పగా ఆమె నవ్వి, "చల్లని పెంక మీద ఏసి ఎంతసేపు కూసున్నా అది ఇడువదమ్మా. పెంక కాగాలె, నువ్వు ఆగాలె" అనెను.

ఆ మాటతో నా వంటయు నా 14 నెలల ఓర్పును రెండును నాకు తేటగా కనబడెను. వంట సంగతి ముందు చెప్పెదను, నీకును పనికివచ్చును.

కడిగిన ముక్కలకు ఉప్పు, పసుపు, కారము, అల్లము వెల్లుల్లి ముద్ద, కొద్దిగా నిమ్మరసము పట్టించి పావుగంట యుంచుము. తరువాత వాటినుండి ఊరిన నీటిని శుభ్రమైన నూలుగుడ్డతో అద్దివేయుము. తడి యున్నయెడల ముక్క వేగదు, ఉడుకును. నగరములోని అంగళ్లలో అమ్ము మంచుగట్టిన ముక్కలైతే పూర్తిగా కరగనిచ్చి, మరి జాగ్రత్తగా తడి యార్పవలెను. పైన కొంచెము బియ్యపు పిండి చల్లుము. నూనె లేని పెనమును ముందు కాగనిమ్ము. నీటిచుక్క వేసినప్పుడు అది ముత్యమువలె దొర్లినయెడల పెనము సిద్ధమైనది. చుక్క పూర్తిగా ఆరినపిమ్మట పల్లీనూనె పోసి, నూనె కాగినతరువాత ముక్కను నీ వైపునుండి అవతలికి పరుపుము. అప్పుడు నూనె నీ మీద చిందదు. మంటను మధ్యస్థముగా నుంచుము.

పచ్చి చేప కాగిన ఇనుమును తాకినంతనే దానిని పట్టుకొనును. అడుగు తడి యారి, ఎఱ్ఱబారి, పొరకట్టిన తరువాతనే ఆ పట్టు సడలును. వ్రేలిమందము ముక్కకు ఇంచుమించు 4 నిమిషములు పట్టును. అంచున తెలుపు క్రిందినుండి సగముపైకి ఎక్కుట చూతువు. అప్పుడు అట్లకాడను మెల్లగా దూర్చి చూడుము. ఎదురు తిరిగినయెడల ఇంకొక నిమిషము విడువుము. సిద్ధమైన ముక్క తానే కదలును. ఒక్కసారే త్రిప్పుము. రెండవ ప్రక్కకు 2 నిమిషములు చాలును. లోపలి కండ అద్దమువలె కాక పాలవలె తెల్లనై పొరలుగా విడినయెడల ఉడికినదని తెలిసికొనుము.

చదువరీ, నా సంగతి చూడుము. మొదట నేను కాగిన పెనముమీద ఆగలేకపోతిని. తరువాత చల్లని పెనముమీద ఆగియుంటిని. మొదటిది తొందర. రెండవది గర్వము. రెంటివలనను చేప పాడగును.

2023 ఆగస్టులో నేను అల్వాలుకు పోతిని. కోడలు తలుపు తీసెను. "నలుగురిలో నిన్నును నీ తల్లిని అవమానపరచితిని. నీవు చేసినది సరి, నేను చేసినది తప్పు. నన్ను క్షమింపుము" అంటిని. ఆమె కొంతసేపు నిలుచుండి, "లోపటికి రండ్రి అత్తమ్మా" అని మాత్రము చెప్పెను. క్షమించితిననలేదు. నా కుమారుడు ఏదో చెప్పబోయి ఊరకుండెను. ఆమె నోట ఒక్క మాట వినవలెనని నా ప్రాణము కొట్టుకొనెను. అడుగుటకు నోరు తెరచితిని గూడ. అప్పుడు నాకు అట్లకాడ జ్ఞాపకము వచ్చెను. ఆమె ఇచ్చిన టీ త్రాగి, ప్రార్థించి, బస్సెక్కి ఇంటికి వచ్చితిని.

తిబెరియ సముద్రతీరమున మన ప్రభువు చేసిన వంట జ్ఞాపకము చేసికొనుము. తన్ను ఎరుగనని మూడు మారులు బొంకిన పేతురు తడిసి ఒడ్డుకు వచ్చునప్పటికి అక్కడ నిప్పులమీద చేపయు రొట్టెయు సిద్ధముగా నుండెను. ప్రభువు మొదట వారికి వడ్డించెను. భోజనమైన పిమ్మటనే పేతురును ప్రశ్నించెను. నిప్పు రగిలించినవాడు ఆయనే, ఆగినవాడును ఆయనే.

మూడు వారములైన తరువాత ఒక ఆదివారము ఆరాధన ముగిసి మేము ఇల్లు చేరునప్పటికి నా కోడలు మా అరుగుమీద కూర్చుండియుండెను. ఆమె ప్రక్కన సంచిలో కొరమీను ఉండెను. ఆమె పొయ్యి వెలిగించెను. నేను పళ్లెము పట్టుకొని ప్రక్కన నిలుచుంటిని. పెనముమీద ముక్క చిటపటలాడుచుండెను. మేమిద్దరము దానినే చూచుచుంటిమి. కొంతసేపటికి ఆమె, "ఇప్పుడు తిప్పుండ్రి అత్తమ్మా" అని అట్లకాడ నా చేతికిచ్చెను.

ప్రియ చదువరీ, నీవును ఎవరినైనను నొప్పించి, "కాలమే సరిచేయును" అని ఊరకున్నావా? ముందు లేచి పొయ్యి వెలిగించుము. పోయి నీ తప్పు ఒప్పుకొనుము. అది చేసిన తరువాత వారి జవాబునకై త్వరపడకుము.