గొర్రెలూ, గడ్డిబీళ్ళూ

విరాటపర్వం పాఠం చెబుతుంటే ఏటా ఎవరో ఒక కుర్రవాడు అడుగుతాడు: "ఆవుల కోసం అంత యుద్ధమా, మాస్టారూ?" పాలు ప్యాకెట్లో కొనే కాలంలో ఆ సందేహం సహజమే. గోధనం అన్నారు పెద్దలు, ధనమన్నాక కాజేసేవాళ్ళుండరూ? కౌరవులు ఆవుల్ని తోలుకుపోయేరు. కెన్యాలో తెల్లదొరలు మరో దారి తొక్కేరు. ఆవుల్ని వదిలి, అవి మేసే బీళ్ళని పట్టేరు.

డెలామియర్ ప్రభువని ఇంగ్లండు జమీందారొకాయన. 1903లో న్జోరో దగ్గర లక్ష ఎకరాలు 99 ఏళ్ళ కౌలుకి దక్కించుకున్నారు. చూడ్డానికి పచ్చని నేలే. మాసాయి కాపరులు మాత్రం అక్కడ మందల్ని ఎక్కువగా నిలిపేవారు కారు. ఆయన న్యూజీలాండునించి 500 మెరినో ఆడగొర్రెల్ని ఓడలో తెప్పించేరు. మెత్తని ఉన్ని, గొప్ప వంశం. అయిదింట నాలుగు పాళ్ళు ఇట్టే చచ్చేయి. ఆ గడ్డిలో ఖనిజ లవణాలు తక్కువ. సీమ ఆవులకీ రోగాలు తగిలేయి. వంశం చూసి రోగం జాలిపడుతుందా!

ఆయన పట్టు వదల్లేదు. సీమ పొట్టేళ్ళని మాసాయిల నాటు గొర్రెలతో సంకరం చేయించేరు. నాటు గొర్రెకి ఉన్ని లేదు గాని, ఆ ఎండకీ రోగాలకీ తట్టుకునే సత్తువ ఉంది. ఇలాంటి పనికి 'జాతి అభివృద్ధి' అని పేరు. ఆ సత్తువ మటుకు మాసాయిలు తరాలుగా పెంచుకుంటూ వచ్చిన మందలది. వాళ్ళ పెంపకానికి రిజిస్టర్లు లేవు గనుక అది శాస్త్రం కాలేదు!

మరి ఆ మాసాయిల గతి? 1904లో ఒడంబడిక రాయించుకున్నారు: రిఫ్ట్ లోయ వదిలి లైకిపియాకి పొండి, మీ జాతి ఉన్నంతకాలం అది మీదే. 1911లో మరో ఒడంబడిక: లైకిపియా కూడా వదలండి. జాతి ఉన్నంతకాలం ఏడేళ్ళలో తీరిపోయింది. దక్షిణాన చూపిన చోట పశువులకి గోమార్ల జ్వరమని మొరపెట్టుకున్నారు, కోర్టుకెక్కేరు. మీరు పరాయి రాజ్యంవారు, ఇది రాజ్యాల మధ్య ఒప్పందం, మేం విచారించం అంది 1913లో కోర్టు. నేల తీసుకునేటప్పుడు పాలితులు, న్యాయం అడిగేటప్పుడు పరాయివాళ్ళు!

డెలామియర్ తన మందల్ని చివరికి తోలించింది రిఫ్ట్ లోయలోని సోయ్‌సాంబుకే. అక్కడి గడ్డి మంచిది. కాపరులుగా మాసాయిలనే పెట్టుకున్నారు.

'మేలుజాతి' అన్న మాట ఎక్కడ కనబడినా, అది ఎవరి బీడులో మేసి మేలయిందో కనుక్కోవాలనిపిస్తుంది నాకు.