రామదాసు గారి బిల్లు

ఆక్లాండ్‌లో మన పిల్లలకు రెండు స్టేజీలు ఉన్నాయి. ఒకటి పాలీఫెస్ట్. 1976లో ఓటారాలోని హిల్లరీ కాలేజీలో మొదలైన హైస్కూలు పిల్లల పండగ, ఎక్కువగా మార్చిలో జరుగుతుంది. రెండోది గుడిలో శ్రీరామనవమి. ఇక్కడ అప్పుడు ఎండాకాలం అయిపోయి ఉంటుంది, అయినా పానకం మానం.

గుడిలో పిల్లల పాటలు చూసేది నేను. సంగీతం టీచర్ని కాదు. ఇంగ్లీషు మీడియంలో చదివి, తెలుగు చదవడం 60 దాటాక నేర్చుకున్నదాన్ని. బడిలో కపా హాకాలో నేల అదిరేలా అడుగేసి, కళ్లు ఇంత చేసి పాడే 14 ఏళ్ల పిల్ల, మా మైకు ముందు కాలివేళ్లు చూసుకుంటూ గొణిగేది. సిగ్గు అన్నారు పెద్దలు. సిగ్గయితే అక్కడ ఎందుకు లేదు?

అడిగాను. "అక్కడ ఏం పాడుతున్నానో నాకు తెలుసు అమ్మమ్మా. ఇక్కడ తెలీదు. 'ళ' సరిగ్గా రాకపోతే ముందు వరసలో నవ్వుతారు కూడా."

అప్పటినుంచి మాకు కథ ముందు, ట్యూన్ తరవాత. రామదాసు పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు డబ్బుతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. తానీషా గోల్కొండ జైల్లో పెట్టాడు. జైల్లోంచి ఆయన రాముడికి బిల్లు చదువుతాడు: సీతమ్మ పతకానికి ఇంత, తమ్ముళ్ల నగలకు ఇంత! కోపం ఆపుకోలేక తిడతాడు, వెంటనే బతిమాలుకుంటాడు.

"దేవుణ్ణి తిట్టొచ్చా?" ఒక బాబు కళ్లు మెరిశాయి.

"రాముడు ఆ వెనక గోడ గడియారం దగ్గర ఉన్నాడు. అడుగు," అన్నాను. గడ్డం దానంతట అదే లేచింది. "తల ఎత్తు" అని పదిసార్లు చెప్పక్కర్లేదు.

మిగతావి చిన్నవి. మైకు నోటికి పిడికెడు దూరం. శ్రుతి పిల్లది, ట్రాక్‌ది కాదు. చరణం మరిచిపోతే పల్లవికి వచ్చెయ్యాలి.

పెద్దలకూ ఒక పని పెట్టాను. మరాయ్‌లో ఒకరు ప్రసంగించాక వాళ్ల మనుషులు లేచి వయాతా పాడతారు, మాటకు అండగా. మన భజనలోనూ ఒకరు అంటే అందరూ అందుకుంటారు కదా! కాబట్టి ముందు వరస పల్లవి అందుకోవాలి.

ఈ ఏడాది ఆ పిల్ల రామదాసు పాట పూర్తిగా పాడింది, చెయ్యి చాచి మరీ. 'ళ' ఇంకా 'ల'గానే ఉంది. ముందు వరసకు నవ్వే తీరిక లేదు.

దిగి వచ్చి అడిగింది, "రాముడు ఆ డబ్బు కట్టాడా?"

"కట్టాడంటారు, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చి."

"వడ్డీతోనా?"