జంపర్
మొన్న మా పాత పెంటియం కంప్యూటర్ తెరిచాను. నాయన పోకముందు చెప్పిన వెట్టి బతుకంతా అందులోనే టైపు చేసి పెట్టాను. కాపీ చేద్దామని రెండో హార్డ్ డిస్క్ తగిలించాను. రెండూ కనబడలేదు. గుండె జారిపోయింది.

చూస్తే, ఒకే ఐడీఈ కేబుల్ మీద రెండింటి జంపర్లూ ‘మాస్టర్’ దగ్గరే ఉన్నాయి. ఒకటి ‘స్లేవ్’ కావాలి. అంటే బానిస. 2003లో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఈ మాటలు మానుకోమని కంపెనీలను అడిగితే ఎగతాళి చేశారు. నాకు నవ్వు రాలేదు మిత్రులారా.

దేని సర్క్యూటు దానిదే. మాస్టర్ స్లేవ్‌ను నడిపేదేమీ లేదు. ఆ పేరు పెట్టేది గోరంత ప్లాస్టిక్ ముక్క. పీకి మార్చొచ్చు.

కొత్త డిస్కు జంపర్ మార్చాను. రెండూ లేచాయి. నాయన మాటలు ఇప్పుడు రెండు చోట్ల భద్రంగా ఉన్నాయి.

జై భీమ్.