పది గంటల మాట

2010 జనవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ తీరిగ్గా కుర్చీలో కూర్చుని తొలి ఐప్యాడ్‌ని లోకానికి చూపించాడు. ఆ రోజు ఆయన చెప్పిన సంగతుల్లో చాలావాటికి కాలం చెల్లింది. ఒక్క లెక్క మాత్రం చెక్కుచెదరలేదు. ఒకసారి ఛార్జింగ్ పెడితే పది గంటలు వస్తుందన్నాడు. ఇక్కడ విమానం ఎక్కి టోక్యోలో దిగేదాకా వీడియో చూస్తూనే ఉండొచ్చని కూడా అన్నాడు. వాడకుండా పక్కన పెడితే నెల పైనే నిలుస్తుందనీ చెప్పాడు. ఈ ఆఖరి ముక్కని అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. నన్నడిగితే అసలు కథంతా అక్కడే ఉంది.

పది గంటల సంగతి ముందు చూద్దాం. ఇవాళ షాపుకెళ్లి లక్ష రూపాయల ఐప్యాడ్ ప్రో అడగండి, దాని ధరలో మూడో వంతుకి వచ్చే మామూలు ఐప్యాడ్ అడగండి, కంపెనీ చెప్పే లెక్క ఒకటే: వైఫైలో నెట్ చూసినా, వీడియో చూసినా పది గంటల దాకా. పదిహేనేళ్లుగా అదే పాట. బ్యాటరీ మాత్రం పెరుగుతూ తరుగుతూ నానా తిప్పలూ పడింది. తొలి ఐప్యాడ్‌లో ఉన్నది 25 వాట్-అవర్ల బ్యాటరీ. దాంతో పది గంటలు నడిచిందంటే సగటున రెండున్నర వాట్లు. మన పడకగదుల్లో ఒకప్పుడు రాత్రంతా వెలిగిన జీరో బల్బు పేరుకే జీరో, పదిహేను వాట్ల దాకా తాగేది. ఆ దీపం తినే కరెంటులో ఆరో వంతుతో సినిమా చూపించడం చిన్న సంగతేం కాదు.

2012లో రెటీనా డిస్‌ప్లే వచ్చింది. తెర మీది చుక్కలు నాలుగు రెట్లయ్యాయి. చుక్కలు చిన్నవైతే వాటి సందుల్లోంచి వెలుతురు బయటికి రావడం కష్టం, వెనక లైట్లు ఎక్కువ పెట్టాలి. దాంతో బ్యాటరీని ఏకంగా 42.5 వాట్-అవర్లకి పెంచారు. ట్యాబ్ బరువు ముందటి మోడల్ కంటే యాభై గ్రాములు పెరిగింది. గంటలు? పదే. మరుసటి ఏడు ఐప్యాడ్ ఎయిర్ వచ్చింది. బ్యాటరీని 32.4కి దించి, బరువుని 469 గ్రాములకి తెచ్చారు. గంటలు మళ్లీ పదే. 2024లో వచ్చిన పదమూడు అంగుళాల ప్రో మందం 5.1 మిల్లీమీటర్లు. తొలి ఐప్యాడ్ మందం 13.4. పాతదాని మందంలో కొత్తవి రెండు పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. గంటలు మాత్రం అవే పది.

అంటే కరెంటు పొదుపు చేసే కిటుకు ఇంజనీర్లు కనిపెట్టిన ప్రతిసారీ, ఆ మిగులు మన చేతికి రాకముందే ఇంకెవరో పట్టుకుపోయారన్నమాట. జీతం పెరిగిందని తెలియగానే అద్దె పెంచే ఇంటి ఓనరు లాగా, ఒకసారి స్క్రీను, ఒకసారి వెలుతురు, ఎక్కువసార్లు సన్నదనం వచ్చి తలుపు తట్టాయి. షాపులో చేత్తో పట్టుకున్నప్పుడు సన్నదనం వెంటనే తెలుస్తుంది. పదమూడో గంట షాపులో తెలియదు. అమ్మేవాడు దేన్ని ఎంచుకుంటాడో చెప్పక్కర్లేదు.

బ్యాటరీని తిట్టేముందు దాని కష్టం కూడా చూడాలి. లిథియం-అయాన్ బ్యాటరీని సోనీ కంపెనీ 1991లో మార్కెట్లోకి తెచ్చింది. అప్పట్నుంచి ఇప్పటికి, కిలో బరువులో పట్టే విద్యుత్తు సుమారు మూడు రెట్లు పెరిగింది. చిప్పుల సంగతి చూడండి. 1989లో వచ్చిన ఇంటెల్ 486లో ట్రాన్సిస్టర్లు పన్నెండు లక్షలు. 2024 ఐప్యాడ్ ప్రోలో పెట్టిన ఎం4 చిప్పులో 2,800 కోట్లు. ఒకటి మూడు రెట్లు, ఇంకొకటి ఇరవై మూడు వేల రెట్లు. చిప్పులో గీత సన్నగా గీయగలిగితే చాలు, ఇంకో నాలుగు ట్రాన్సిస్టర్లు పడతాయి. బ్యాటరీలో అలా కాదు. అయాన్లు అటూ ఇటూ నడవాలి, వాటికి చోటు కావాలి, అది రసాయనశాస్త్రం. ఈ బ్యాటరీకి పునాది వేసినవాళ్లలో ఒకడైన జాన్ గుడినఫ్‌కి నోబెల్ వచ్చింది 2019లో, తొంభై ఏడేళ్ల వయసులో. బ్యాటరీల లోకంలో ఏదీ తొందరగా జరగదు, బహుమతులతో సహా.

సన్నదనం మోజుకి ఎదురెళ్లినవాళ్లు లేకపోలేదు. 2013లో లెనోవో యోగా ట్యాబ్లెట్ అని ఒకటి తెచ్చింది. ఒక అంచున గుండ్రటి గొట్టంలా ఉబ్బెత్తుగా ఉండేది, బ్యాటరీ అంతా అందులోనే. పద్దెనిమిది గంటలు వస్తుందన్నారు. ఆ గొట్టం చేతికి పట్టు కూడా ఇచ్చేది, బల్ల మీద నిలబెట్టుకోవడానికీ పనికొచ్చేది. నాకు చాలా తెలివైన పనిగా తోచింది. లోకానికి అలా తోచలేదు. ఇవాళ దుకాణాల్లో కనిపించే ట్యాబులన్నీ పలకల్లాగే ఉన్నాయి.

మరి ఛార్జింగ్ ఎక్కువసేపు రావాలన్న జనం ఆశ తీరిందా లేదా? గంటల్లో అడిగితే తీరిందనే చెప్పాలి. ఏకబిగిన పది గంటలు ట్యాబ్ చూసే మనిషి నా ఎరుకలో లేడు, ఉంటే డాక్టరు దగ్గరికి పంపాలి. అయినా ఏ ఇంట్లో అడిగినా ‘ఛార్జింగ్ నిలవట్లేదు’ అనే మాటే. ఈ రెండూ ఎలా నిజమయ్యాయన్నది మా పిన్నిని చూశాక అర్థమైంది.

పిన్ని కాకినాడలో ఉంటుంది. డాలస్‌లో ఉన్న కొడుకు వస్తూ వస్తూ ఒక ట్యాబ్ తెచ్చి పెట్టాడు. ప్రవచనాలు వినడానికీ, ఆదివారం మనవరాలితో వీడియో కాల్ మాట్లాడటానికీ. మిగతా రోజుల్లో అది టీపాయ్ మీద న్యూస్ పేపర్ల కింద పడుకుని ఉంటుంది. ఆదివారం తీస్తే నల్లగా చూస్తుంది. “మొన్ననేగా నిండా పెట్టాను, ముట్టుకోలేదు కూడా. ముట్టుకోకపోయినా ఖర్చయిపోవడం ఏంట్రా?” అంటుంది. ఇంత సూటి ప్రశ్న ఏ గ్యాడ్జెట్ రివ్యూలోనూ నేను చదవలేదు.

ఫోనుకి ఒక పద్ధతి ఉంది. పొద్దంతా చేతిలో ఉంటుంది, రాత్రి తలగడ పక్కన ఛార్జింగ్‌కి వెళ్తుంది. ట్యాబ్‌కి అలాంటి దినచర్య లేదు. అది ఇంటికొచ్చిన చుట్టం, అవసరమైనప్పుడే పలకరిస్తాం. కాబట్టి దాని నుంచి మనం కోరేది పది గంటల పని కాదు, పిలిస్తే పలకడం. పిన్ని ముట్టుకోకపోయినా ట్యాబ్ ఖాళీగా లేదు. వైఫై మేలుకునే ఉంటుంది. మెయిల్ వచ్చిందా అని చూస్తుంది, యాప్‌లు అప్‌డేట్ చేసుకుంటుంది, డాలస్‌లో తీసిన ఫొటోలు ఇక్కడికి దించుకుంటుంది. 2010లో చెప్పిన ఆ నెల రోజుల మాట, లోపల ఇంత సందడి లేని రోజుల నాటిది. కిండిల్ లాంటి ఇ-ఇంక్ యంత్రాలు కూడా వాడేవాళ్లకి ట్యాబ్‌తో ఈ బాధ ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. పేజీ తిప్పితేనే తప్ప ఆ తెర కరెంటు అడగదు, వారాల తరబడి వస్తుంది. ఒకే ఇంట్లో ఆ రెండూ పక్కపక్కన ఉంటే ట్యాబ్ పరువు పోవడం ఖాయం.

పూర్తిగా దిగిపోయిన ట్యాబ్‌కి ప్లగ్ పెట్టిన తర్వాత జరిగే తతంగం చూసే ఉంటారు. స్క్రీన్ మీద ఏమీ రాదు. బటన్ నొక్కుతాం, రాదు. ఛార్జర్ మార్చి, వైరు ఊది, వేరే బోర్డులో పెట్టి, ఇక పాడైపోయిందని తీర్మానించుకున్నాక ఎప్పటికో ఎర్ర గీతతో చిన్న బ్యాటరీ బొమ్మ ప్రత్యక్షమవుతుంది. సున్నా దగ్గర ఆగిపోయాక కూడా బ్యాటరీ లోలోపల కొంచెం కొంచెం దిగుతూనే ఉంటుంది. మరీ కిందికి పోతే రక్షణ సర్క్యూట్ దాన్ని మూసేస్తుంది. మళ్లీ లేపాలంటే ముందు సన్నటి ధారగా కరెంటు ఎక్కించాలి, ఆ తర్వాతే మామూలు వేగం. ఈలోగా అటువైపు మనవరాలు పడుకునే వేళ దాటిపోతుంది.

వేగం విషయంలో మాత్రం కంపెనీలు నిజంగానే ముందుకెళ్లాయి. తొలి ఐప్యాడ్‌కి పది వాట్ల ఛార్జర్ ఇచ్చారు. చాలా కంప్యూటర్ల యూఎస్‌బీకి తగిలిస్తే ‘నాట్ ఛార్జింగ్’ అని మొహం మీదే చెప్పేది. 2023లో వచ్చిన వన్‌ప్లస్ ప్యాడ్ 67 వాట్లతో ఎక్కించుకుంటుంది. 9,510 ఎంఏహెచ్ బ్యాటరీ గంటన్నరలోపే నిండుతుందన్నది కంపెనీ మాట. ఎక్కువసేపు రాకపోతేనేం, తొందరగా నింపుకోండి అన్నమాట. బేరం బాగానే ఉంది, ప్లగ్ పాయింటు దగ్గర్లో ఉంటే.

ప్లగ్గులో కరెంటు లేని రోజుల్ని మనమింకా మరిచిపోలేదు. 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో ఆకాశ్ ట్యాబ్‌ని విడుదల చేశారు. లోకంలోనే చవకైన ట్యాబ్ అన్నారు. డేటావిండ్ కంపెనీది, బిగింపు మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఏడంగుళాల తెర, 2,100 ఎంఏహెచ్ బ్యాటరీ. వాట్-అవర్లలోకి మారిస్తే ఎనిమిదికి కాస్త తక్కువ, అంటే ఐప్యాడ్‌లో మూడో వంతు కూడా లేదు. మహా అయితే రెండు మూడు గంటలు. ఏ పల్లెటూళ్లో పిల్లల కోసమని దాన్ని తయారుచేశారో, ఆ పల్లెటూళ్లో అప్పటికి పగటి కోతలే నాలుగేసి గంటలు. ధర తగ్గించాలని కూర్చున్నవాళ్ల చెయ్యి ముందు బ్యాటరీ మీదే పడింది. పేదవాడికిచ్చే ట్యాబ్‌కే పెద్ద బ్యాటరీ కావాలి, ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాడికి ఏదైనా ఒకటే. ఆ తప్పు తర్వాత కొంత దిద్దుకున్నారు. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి ఇచ్చిన 8.7 అంగుళాల శామ్‌సంగ్ ట్యాబులో ఉన్నది 5,100 ఎంఏహెచ్, ఆకాశ్‌కి రెండింతలు దాటింది. 

మన దగ్గర ఇంకో శత్రువు ఉంది, ఎండ. ఐప్యాడ్‌ని 35 డిగ్రీల లోపు వాడమని ఆపిల్ కంపెనీయే చెబుతుంది. రెంటచింతలలో మే నెలలో ఆ మాట చెబితే నవ్వుతారు. అక్కడ మధ్యాహ్నం కాకముందే ఆ గీత దాటుతుంది. వేడికి లిథియం బ్యాటరీలో జరిగే నష్టం మళ్లీ పూడేది కాదు. ఒక వేసవిలో పోయిన శక్తి వానలు పడితే వెనక్కి రాదు. దానికితోడు పిల్లలు ఛార్జింగ్ పెట్టి, దుప్పటి మీద పడేసి, దాంట్లోనే ఆట ఆడతారు. పైన ఆట వేడి, లోపల ఛార్జింగ్ వేడి, కింద దూది.

ఇలాంటి ట్యాబ్ ఒకటి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీ అనే కంప్యూటర్ల బజారులోని ఒక రిపేరు కౌంటర్ దగ్గర విప్పుతుంటే నిలబడి చూశాను. ఏ కంపెనీదో అనవసరం. తెర ఒక అంచున బియ్యపుగింజంత పైకి లేచింది. ఆ మూల తెల్లటి మచ్చ. కుర్రాడు దాన్ని వేడి పలక మీద పెట్టి, కాసేపాగి, గిటారు వాయించే ప్లాస్టిక్ బిళ్ల లాంటిదాన్ని సందులో దూర్చి నెమ్మదిగా చుట్టూ తిప్పాడు. “తెర పగుల్తే నా జిమ్మేదారి కాదు సార్, ముందే చెప్తున్న” అని యజమానితో ఒకటికి రెండుసార్లు అన్నాడు. లోపల నల్లటి సంచి లాంటి బ్యాటరీ అప్పడంలా పొంగి ఉంది. ఒంటికి జిగురు. నాలుగు చుక్కలు స్పిరిట్ పోసి, వంచకుండా, గుచ్చకుండా పైకి లేపడానికి పావుగంట పట్టింది. “ఇరవై నాలుగ్గంటలు వైరు పెట్టే ఉంచిన్రా?” అనడిగాడు. యజమాని తలూపాడు. ఎప్పుడు తీసినా పలకాలని అలా ఉంచాడట. ఎప్పుడూ నూటికి నూరు నిండి ఉండటం బ్యాటరీకి వయసు పైబడేలా చేస్తుంది. పడుకోబెడితే దిగిపోతుంది, ప్లగ్గుకి కట్టేస్తే ఉబ్బుతుంది. వాడేవాడు ఏం చెయ్యాలి?

యూరప్ వాళ్లు దీనికి చట్టం చేశారు. 2025 జూన్ 20 నుంచి అక్కడ కొత్తగా అమ్మే ఫోన్లూ ట్యాబులూ ఎనిమిది వందల సార్లు నింపి ఖాళీ చేశాక కూడా ఎనభై శాతం శక్తి నిలుపుకోవాలి. 2027 ఫిబ్రవరి నుంచి, కొన్ని మినహాయింపులు పోను, బ్యాటరీని వాడేవాడే మార్చుకునేలా ఉండాలి. రెండోది నాకు చాలా నచ్చింది. మొదటిది మన ఇళ్ల లెక్కకి అందదు. వారానికి రెండుసార్లు ఛార్జింగ్ పెట్టే ట్యాబ్‌కి ఎనిమిది వందల సార్లంటే దాదాపు ఎనిమిదేళ్లు. అప్పటిదాకా ఎవరు ఉండనిస్తారు? వయసూ వేసవీ ఈలోపే దాని పని పడతాయి. కంపెనీలు పది గంటల పాట ఆపి రెండు సంగతులు చెబితే చాలు: న్యూస్ పేపర్ కింద పెడితే ఎన్నాళ్లు, నాలుగో ఏట ఎన్ని గంటలు.

ఇప్పుడొచ్చే కొన్ని ట్యాబుల్లో ఎనభై శాతం దగ్గర ఛార్జింగ్ ఆపేసే సెట్టింగ్ ఉంది. వైరు తియ్యడం మరిచిపోయేవాళ్లకి ఇంతకంటే మంచి మందు లేదు. పిన్ని ట్యాబ్‌లో అది పెట్టి, ఇక తీయకుండా ప్లగ్గులోనే ఉంచమని చెప్పి వచ్చాను. వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది.

“ఒరేయ్, రాత్రంతా పెట్టినా ఎనభై దాటట్లేదు. ఇది కూడా పాడైందిరా.”