ఫ్రిజ్ అక్కర్లేని ఊరు

హార్బిన్‌లో ఐస్‌క్రీమ్ అమ్మేవాళ్లకి ఫ్రిజ్‌తో పనిలేదు. రోడ్డు పక్కన అట్టపెట్టెల్లో పుల్ల ఐస్‌లు పేర్చేసి, వాటి వెనక నిలబడి అమ్ముతుంటారు. కరుగుతాయన్న భయమే లేదు. మన ఇళ్లలో ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది కదా, జనవరిలో ఈ ఊరి సగటు ఉష్ణోగ్రత కూడా ఇంచుమించు అంతే. రాత్రయితే మైనస్ 25 కిందకి పోతుంది. అంటే ఆ ఊళ్లో తిరగడమంటే ఫ్రీజర్ తలుపు తీసి లోపలికెళ్లి కూర్చోవడమే!

లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకుందంటే చాలు, తెల్లారకముందే బైకులేసుకుని బయల్దేరే బ్యాచ్ మాది. అలాంటి నేను ఆఫీసు పని మీద బీజింగ్‌లో రెండు నెలలు ఉండాల్సొచ్చింది. మా టీమ్‌లో ఒకమ్మాయిది హార్బిన్. సెలవులకి ఇంటికెళ్తూ ‘రా, చలి అంటే ఏంటో చూద్దువుగాని’ అంది. వద్దనడానికి కారణమేదీ దొరకలేదు. బీజింగ్ నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు. 2021లో హైస్పీడ్ లైన్ పూర్తయ్యాక వేగంగా వెళ్లే రైళ్లలో అయిదు గంటలు కూడా పట్టట్లేదు. సికింద్రాబాద్ నుంచి విశాఖకి వందేభారత్‌లో ఎనిమిదిన్నర గంటలు కూర్చున్నవాణ్ని కాబట్టి, ఆ లెక్క చూసి కాసేపు కుళ్లుకున్నా.

స్టేషన్ బయటికి రాగానే మొదట తెలిసేది ముక్కుకి. గాలి పీల్చగానే లోపలి వెంట్రుకలు గడ్డకట్టి గుచ్చుకుంటాయి. పది నిమిషాలయ్యాక కనురెప్పల మీద తెల్లటి మంచు చేరుతుంది. ఫోన్ తీసి నాలుగు ఫొటోలు కొట్టానో లేదో, 60 శాతం ఉన్న చార్జింగ్ ఒక్కసారిగా పోయి స్క్రీన్ నల్లబడింది. పాడైందేమో అని గుండె జారింది. నిజానికి చలికి బ్యాటరీలో లిథియం అయాన్ల కదలిక నెమ్మదించి, ఫోన్‌కి కావాల్సినంత కరెంటు అందదు. వేడి తగిలితే మళ్లీ లేస్తుంది. అక్కడివాళ్లు ఒంటికి అంటించుకునే వేడి పట్టీలను ఫోన్ వెనక కూడా అంటిస్తారు. నేనూ అదే చేశా.

తమాషా ఏంటంటే ఇంట్లోకి వెళ్తే చలే ఉండదు. అక్టోబర్ 20 నుంచి ఏప్రిల్ 20 వరకు, అంటే ఆర్నెల్లు, ఊరంతటికీ పైపుల్లో వేడి సరఫరా అవుతుంది. బయట నాలుగు పొరలు, లోపల టీషర్టు. రోజుకి పదిసార్లు విప్పడం, తొడుక్కోవడం. ఆ ఊళ్లో నాకు అలసట తెప్పించింది అదొక్కటే.

నది మీద బొంగరాలు

ఊరి మధ్యలో సోంగ్‌హువా నది. చలికాలంలో అది నది కాదు, మైదానం. మంచు గట్టిపడ్డాక జనం దాని మీదకి దిగిపోతారు. చక్రాలకి బదులు బ్లేడ్లున్న సైకిళ్లు, ఇద్దరు కూర్చునే స్లెడ్జిలు, మంచుతో కట్టిన జారుడుబల్లలు... వీటన్నిటికంటే నన్ను ఆపేసింది బొంగరం. మనం తాడు చుట్టి విసురుతాం. వాళ్లు మంచు మీద తిరుగుతున్న బొంగరాన్ని కొరడాతో కొడుతూ పడిపోకుండా ఆడిస్తారు. అరవై దాటిన పెద్దాయనలు టప్ టప్‌మని కొరడా విసురుతుంటే ఆ చప్పుడు నది అంతా వినిపిస్తుంది. ఒకాయన కొరడా నా చేతిలో పెట్టాడు. మూడో దెబ్బకి బొంగరం ఎటో ఎగిరిపోయింది. మా ఊళ్లో అయితే ‘ఒరే, ఇంజనీరువంట’ అని నవ్వేవాళ్లు. ఇక్కడా నవ్వారు, భాషే వేరు. అదే నదిలో మంచు కోసి, చిన్న కొలనులా చేసి, అందులో ఈత కొట్టేవాళ్లూ ఉన్నారు. చూడటానికే వణుకు పుట్టింది, పక్కకొచ్చేశా.

చలికాలం తిండి

సెంట్రల్ స్ట్రీట్ అని రాళ్లు పరిచిన వీధి ఒకటుంది. 1898లో రష్యన్లు ఇటుగా రైలుమార్గం వేయడం మొదలుపెట్టాక పెరిగిన ఊరిది. అందుకే ఆ వీధి యూరప్‌లా ఉంటుంది. దగ్గర్లోనే ఉల్లిపాయలాంటి ఆకుపచ్చ గుమ్మటంతో సెయింట్ సోఫియా చర్చి. తిండిలోనూ రష్యా మిగిలింది. పొగబెట్టిన ఎర్ర సాసేజ్, తలగడంత రొట్టె. ఆ రొట్టె పేరు ‘లియేబా’, రష్యన్ ‘ఖ్లెబ్’ నోళ్లలో అరిగిపోయి అలా తయారైంది.

పుల్లకి గుచ్చి చక్కెర పాకం పట్టిన పుల్లటి ఎర్రపళ్లు, తాంగ్‌హులు, వీధంతా ఉంటాయి. పాకం గాజులా పగులుతుంది. కానీ నా ఓటు గడ్డకట్టిన బేరిపండుకే. బొగ్గులా నల్లగా, రాయిలా ఉంటుంది. దాన్ని చన్నీళ్లలో వేస్తారు. కాసేపటికి పండు చుట్టూ మంచు పెంకు కడుతుంది, లోపల మెత్తబడుతుంది. పెంకు పగలగొట్టి, చిన్న కన్నం పెట్టి తాటిముంజెలో నీళ్లు జుర్రుకున్నట్టు జుర్రుకోవడమే. ఈమధ్య టూరిస్టుల కోసం ముక్కలు కోసి ప్లేట్లో అందంగా పెడుతున్నారట. ‘మాకెప్పుడూ ఎవరూ అలా కోసిపెట్టలేదు’ అని మా ఫ్రెండ్ ఉడుక్కుంది.

వాళ్లింటి బాల్కనీ మరో ఫ్రిజ్. వందల కొద్దీ డంప్లింగ్స్ చేసి అక్కడే ఆరబెట్టినట్టు పేర్చారు. పక్కన పెద్ద జాడీ, అందులో క్యాబేజీ ఊరుతోంది, పైన బండరాయి బరువు. మనకి ఎండాకాలం ఆవకాయ ఎలాగో, వాళ్లకి చలి మొదలవకముందు ఇది అలాగ. ఆ పుల్లటి క్యాబేజీని పంది మాంసంతో గంటలు గంటలు ఉడికిస్తారు. శాకాహారులు కంగారుపడక్కర్లేదు, ‘ది సాన్ షియెన్’ అడగండి: వంకాయ, బంగాళాదుంప, క్యాప్సికం వేయించి సాస్‌లో కలిపిన కూర. మాంసం రసం వేయొద్దని ముందే చెప్పాలి. వంకాయ చూడగానే నాకైతే ప్రాణం లేచొచ్చింది. వాళ్లమ్మని ‘ఆయి’ అని పిలవమన్నారు, అంటే పిన్ని లెక్క. ఆయికి చాలు అన్న మాట వినపడదు. ఈ విషయంలో మన అమ్మలకేం తీసిపోదు.

ఆ ముక్క మాదే అయ్యుంటుంది

ఐస్ అండ్ స్నో వరల్డ్ గురించి రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. 1999లో మొదలైంది. మంచుతో కోటలు, గోపురాలు, లోపల రంగు లైట్లు, వందల మీటర్ల జారుడుబల్ల. 2023 డిసెంబర్ 18న తెరిచిన రోజే క్యూలు కదలక జనం ‘డబ్బు వాపస్’ అని అరిచారు. నిర్వాహకులు డబ్బులిచ్చి క్షమాపణ చెప్పారు. ఆ వీడియోలే ఊరికి ప్రచారమయ్యాయి. దక్షిణ చైనా నుంచి ఉబ్బిన కోట్లలో వచ్చేవాళ్లని ముద్దుగా ‘చిన్న బంగాళాదుంపలు’ అనడం మొదలుపెట్టింది కూడా ఆ సీజన్‌లోనే. నేనింకా దక్షిణం కాబట్టి ఏ దుంపో మరి.

నాతో పాటు మా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు వచ్చారు. ఆయన పనిచేసిన యంత్రాల ఫ్యాక్టరీ 1990ల చివర్లో మనుషుల్ని తీసేసింది. ఆ రోజుల్లో ఈశాన్య చైనాలో ఇలా ఇంటిబాట పట్టిన కార్మికులు లక్షల్లో ఉన్నారు. నేల గడ్డకట్టాక పొలం పనీ, కట్టడం పనీ ఆగిపోతాయి. అప్పుడు డిసెంబర్‌లో నది మీద మంచు దిమ్మలు కోసే పనికి వెళ్తారు. ఆయన కూడా అయిదేళ్లు వెళ్లారట. రంపంతో గీతలు కోసి, గునపాలతో విడదీసి, కొక్కేలతో పైకి లాగాలి. అందరూ సెల్ఫీలు తీసుకుంటుంటే ఆయన ఒక గోడ దగ్గరికెళ్లి, చేతి తొడుగు తీసి దిమ్మని తడిమి చూశారు. లోపల గాలి బుడగల్లేవు, మంచి ముక్క అన్నారు. ‘మేం కోసిన వైపు ఇలాగే ఉండేది.’

హైలాంగ్‌జియాంగ్ రాష్ట్ర జనాభా 2010 లెక్కల్లో 3.83 కోట్లు, 2020 నాటికి 3.18 కోట్లు. పదేళ్లలో 60 లక్షల మందికి పైగా తగ్గారు. కుర్రాళ్లు పని వెతుక్కుంటూ దక్షిణానికి వెళ్లిపోతున్నారు, పుట్టే పిల్లలూ తక్కువే. మా ఫ్రెండ్ కూడా తిరిగొచ్చే ఆలోచనలో లేదు. ‘మీ ఊళ్లోనూ పిల్లలు ఇలాగే వెళ్లిపోతారా?’ అని ఆయన అడిగితే ఆ అమ్మాయి తర్జుమా చేసింది. మాది పలాస దగ్గర పల్లెటూరు. మా వీధిలో నా ఈడు వాళ్లు సంక్రాంతికి తప్ప కనపడరు. ఆ రోజు భోగి. అదే చెప్పా. ఆయన తలూపి, జేబులోంచి వేడిగా ఉన్న కాల్చిన చిలగడదుంప తీసి సగం విరిచి నాకిచ్చారు.

వెళ్లాలనుకునేవాళ్లకి: డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచి సమయం. ఐస్ వరల్డ్‌కి మధ్యాహ్నం మూడింటికల్లా చేరండి. నాలుగు గంటలకే పొద్దు గూకుతుంది కాబట్టి ఎండలో నీలంగా మెరిసే మంచునీ, ఆ తర్వాత లైట్లనీ రెండూ చూడొచ్చు. చెప్పులు కొనేటప్పుడు ఒక సైజు పెద్దవి తీసుకోండి, రెండు జతల సాక్స్ పట్టాలి. బేరిపండు మాత్రం కోసింది వద్దనండి.