రామేశ్వరంలో ఒక రాత్రి

మన వీధుల్లో మూటాముల్లె సర్దుకొని ఊరు దాటేది పెండ్లికి, చావుకు, మొక్కు తీర్చేదానికి. ఊరికే సముద్రం ఒడ్డున కూర్చొని వస్తామంటే "ఏమి, డబ్బులు ఎక్కువైనాయా?" అని అడుగుతారు. 2025 ఆగస్టులో నేను, మా ఇంటామె, మా వదిన ముగ్గురమూ రామేశ్వరం పొయ్యి ఒక రాత్రి ఉండి వచ్చినాము. మమ్మల్నీ అట్లే అడిగినారు. ఎట్లా పొయినాము, ఏమి చూసినాము, ఎంత ఖర్చయింది అనేది మన పత్రిక చదివే కుటుంబాలకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మా వదిన సంగతి చెప్పాల. ఆమె మా ఇంటామెకు సొంత అక్క. ఇరవై ఏండ్లు బనియన్ కంపెనీలో చెకింగు పని చేసింది. ఆమె మొగుడు, అంటే మా తోడల్లుడు, నాతో పాటు స్పిన్నింగ్ మిల్లులోనే ఉండినాడు. "రిటైర్ కానీ, పీ.ఎఫ్. చేతికి రానీ, నలుగురమూ రామేశ్వరం పోదాం" అని పదేండ్లు చెప్తా వచ్చినాడు. రిటైర్ అయినాడు, పీ.ఎఫ్. వచ్చింది, ఆ ఏడాదే కన్ను మూసినాడు. ఈ మూడేండ్లుగా వదిన ఆ మాట ఎత్తలేదు. ఈసారి ఆమే నన్ను పిలిచి, "మరిదీ, నా మోకాళ్ళు ఇంకా కొంచెం పని చేస్తా ఉండాయి. ఇప్పుడే పోదాం" అనింది. ఇంక ఆలోచన చేయలేదు.

తిరుప్పూరులో రాత్రి పదకొండు గంటలకు మధురై బస్సు ఎక్కినాము. ధారాపురం, ఒట్టన్‌చత్రం, దిండిగల్ మీద పొయ్యి తెల్లవారుజామున మధురై ఆరప్పాళయం స్టాండులో దించినాడు. అక్కడినుంచి ఆటోలో రైల్వే స్టేషను. పొద్దున రామేశ్వరం ప్యాసెంజరు రైలు ఉంది. రిజర్వేషన్ అక్కర లేదు, టికెట్టు చవక, కిటికీ పక్కన సీటు దొరికింది. మానామధురై, పరమకుడి, రామనాథపురం దాటి సుమారు నాలుగు గంటల ప్రయాణం. బస్సులో కూడా పోవచ్చు. కానీ పాంబన్ వంతెన మీద రైల్లో పొయ్యేది వేరే అనుభవం, దాన్ని విడిచిపెట్టొద్దు.

వంతెనకు ముందు మండపం అనే ఊరు వస్తుంది. తెల్లోళ్ళ కాలంలో సిలోన్ టీ తోటలకు పొయ్యే కూలోళ్ళను ఇక్కడి క్యాంపులో నిలిపి, రోగం ఏమీ లేదని చూసి, ఆ తర్వాతే అక్కరకు పంపించేవాళ్ళు. ఎక్కువ మంది అరవవాళ్ళు, వాళ్ళలో తెలుగోళ్ళు కూడా ఉండినారు. తర్వాత సిలోన్‌లో గొడవలు వచ్చినప్పుడు అక్కడినుంచి పారిపోయి వచ్చినవాళ్ళకూ ఆ మండపమే క్యాంపు అయింది. పని కోసం పొయినవాళ్ళకూ, ప్రాణం కోసం వచ్చినవాళ్ళకూ ఒకే గడప. రైలు ఆ స్టేషనులో నిలిచినప్పుడు మా వాళ్ళకు ఈ సంగతి చెప్పినాను.

పాంబన్ పాత వంతెన 1914లో తెరిచినారు. ఓడలు పొయ్యేదానికి దాని నడిమి భాగం రెండుగా విడిపోయి పైకి లేచేది. దాన్ని మనుషులే చేతులతో తిప్పి ఎత్తేవాళ్ళు. 1964 తుఫానులో వంతెన దెబ్బ తినింది. శ్రీధరన్ అనే ఇంజనీరును పెట్టి 46 రోజుల్లో మళ్ళీ రైలు నడిచేటట్టు చేసినారు. ఆయనే తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టించినారు. ఆ 46 రోజులు ఉప్పుగాలిలో ఇనుము మోసిన కూలోళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా కనబడవు. 2022 డిసెంబరులో పాత వంతెన మీద రైళ్ళు నిలిపినారు. కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి రోజు తెరిచినారు. పొడవు రెండు కిలోమీటర్ల పైన. నడిమిలో 72 మీటర్ల భాగం లిఫ్టు మాదిరి అట్లే నేరుగా 17 మీటర్లు పైకి లేస్తుంది. రెండు పక్కలా టవర్లు, ఇనుప తాళ్ళు, ఎదురు బరువులు, కరెంటు మోటార్లు. మిల్లులో మిషన్ల మధ్య బతికినోడిని కదా, ఆ కప్పీలు కనబడేంత వరకూ మెడ బయటపెట్టి చూసినాను. మా ఇంటామె చొక్కా పట్టుకొని లాగింది. రెండు పక్కలా నీళ్ళు, కింద పట్టాలు తప్ప ఇంకేమీ లేదు. వదిన కండ్లు మూసుకొని "రామా రామా" అంటా ఉండింది. సగం దారిలో తెరిచింది. మళ్ళీ మూయలేదు.

గుడి తూర్పు వీధి దగ్గర ఒక చిన్న లాడ్జిలో గది తీసుకున్నాము. భోజనం చేసి మధ్యాహ్నమే ధనుష్కోడి పొయినాము. సుమారు ఇరవై కిలోమీటర్లు. సాయంత్రం చీకటి పడే ముందే అక్కడినుంచి అందరినీ పంపించేస్తారు, అందుకే మధ్యాహ్నం పోవడమే మంచిది. ముందు ఇసుకలో జీపులు మాత్రమే పొయ్యేవి. 2017 నుంచి అరిచల్‌మునై దాకా తారు రోడ్డు ఉంది. దారిలో కోదండరామస్వామి గుడి వస్తుంది. విభీషణుడు రాముణ్ణి శరణు కోరిన చోటు అది అంటారు.

ధనుష్కోడి ఒకప్పుడు పెద్ద ఊరు. రైల్వే స్టేషను, పోస్టాఫీసు, కస్టమ్సు ఆఫీసు, చర్చి, ఓడరేవు అన్నీ ఉండినాయి. మద్రాసులో బోట్ మెయిల్ రైలు ఎక్కి ఇక్కడ దిగి, స్టీమరులో తలైమన్నార్ పొయ్యి, అక్కడ మళ్ళీ రైలెక్కితే కొలంబో. 1964 డిసెంబరు 22 రాత్రి తుఫాను వచ్చింది. పాంబన్ నుంచి వస్తా ఉండిన ప్యాసెంజరు రైలును సముద్రం లాగేసుకుంది. అందులో ఉండిన వంద మందికి పైగా జనం అందరూ పొయినారు. ఊరే పోయింది. తర్వాత ప్రభుత్వం ఆ చోటు మనుషులు ఉండేదానికి పనికిరాదని చెప్పింది. ఇప్పుడు చర్చి గోడలు, స్టేషను మొండి గోడలు నిలబడి ఉన్నాయి. అయినా చేపలు పట్టేవాళ్ళు కొందరు గుడిసెలు వేసుకొని అక్కడే ఉన్నారు. ఒక ఆమె గవ్వల దండలు, చేప వేపుడు అమ్ముతా ఉండింది. "ఇక్కడ భయం లేదా?" అని మా ఇంటామె అరవంలో అడిగింది. "అన్నం పెట్టేది ఈ సముద్రమే కదా అక్కా" అని ఆమె నవ్వింది. మా ఇంటామె బేరం చేయకుండా రెండు దండలు కొనింది. అది మా ఇంట్లో ఎప్పుడూ జరగని సంగతి.

అరిచల్‌మునైలో నేల ముగిసిపోతుంది. ఒక పక్క అల లేని నీళ్ళు, దాన్ని అక్కడివాళ్ళు ఆడ సముద్రం అంటారు. ఇంకొక పక్క ఎగిరెగిరి పడే అలలు, అది మగ సముద్రం. "పేర్లు తిరగరాయాల. మన ఇండ్లల్లో ఎగిరేది ఎవరో అందరికీ తెలుసు" అని వదిన అనింది. ఆయన పోయినాక ఆమె ఎగతాళి చేసి మాట్లాడగా నేను విన్నది అదే మొదటిసారి.

సాయంత్రం అగ్నితీర్థం ఒడ్డుకు వచ్చినాము. గుడికి తూర్పు పక్క సముద్రాన్నే అగ్నితీర్థం అంటారు. అక్కడ అలలు చెరువులో మాదిరి మెల్లగా వస్తాయి. ముసలివాళ్ళు, పిల్లలు భయం లేకుండా దిగవచ్చు. మేము ఏమీ చేయలేదు. మెట్ల మీద కూర్చున్నాము. రింగ్ ఫ్రేముల దగ్గర ముప్పై ఏండ్లు నిలబడినవాళ్ళకు చెవుల్లో ఒక మోత ఉండిపోతుంది. మన వీధుల్లో చానా మందికి ఇది తెలుసు. రాత్రి పండుకుంటే ఎక్కువగా వినిపిస్తుంది. మిల్లు విడిచినా మిల్లు మనల్ని విడవదు. ఆ ఒడ్డున చాలాసేపు కూర్చున్నాక ఆ మోత నాకు తెలియలేదు. పోయిందని చెప్పను, గదికి వచ్చినాక మళ్ళీ ఉండింది. కానీ ఆ నీళ్ళ చప్పుడు దాని మీద దుప్పటి కప్పినట్టు ఉండింది. తొమ్మిదిన్నర దాకా లేచేదానికి మనసు రాలేదు. ఇంటామె కూడా "వంట చేయాల, లే" అనలేదు. వంట లేదు కదా!

మరుసటి రోజు తెల్లవారి ఐదు గంటలకు గుడిలో స్ఫటిక లింగ దర్శనం. తర్వాత వదిన కోసం అగ్నితీర్థంలో సంకల్పం చేయించినాము. పురోహితుడు ఆమె మాట విని తెలుగులోనే పేరు, గోత్రం అడిగి, తెలుగులోనే అంతా చెప్పించినాడు. ఆంధ్రా, తెలంగాణా జనం అంతగా వస్తారు అక్కడికి. కాశీకి పొయినోళ్ళు రామేశ్వరం రావాల, ఇక్కడి ఇసుక అక్కడికి, అక్కడి గంగ ఇక్కడికి చేర్చాల అని పాత ఆచారం. తిరుప్పూరులో ఇల్లు దాటితే అరవమే కదా, దేవుడి పనిలో తన మాటే వినిపించేసరికి వదినకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. నీళ్ళల్లో మూడు మునకలు వేసింది. పైకి వచ్చి, "ఆయన మాట తీరింది" అనింది. ఇంకేమీ అనలేదు.

అక్కడే గుంటూరునుంచి వచ్చిన ఒకామె మా మాటలు విని, "మీ తెలుగు ఏ జిల్లాదమ్మా?" అని అడిగింది. "తిరుప్పూరు జిల్లా" అనింది మా ఇంటామె. "అక్కడ తెలుగు ఉందా?" అని ఆమె ఆశ్చర్యపోయింది. "మా తాతలకు ముందునుంచే ఉండాది" అని మా ఇంటామె గట్టిగానే చెప్పింది. ఇద్దరూ ఆ తర్వాత ఇరవై రెండు తీర్థాలూ కలిసే పోసుకున్నారు.

గుడి లోపల ఉన్న ఆ 22 తీర్థాల్లో చాలావరకు బావులు. గట్టు మీద నిలబడిన మనిషి తాడు కట్టిన చిన్న బకెట్టు వేసి, తోడి, మన తల మీద పోస్తాడు. వందల మందికి, గంటల కొద్దీ అదే పని. పక్క పక్కనే ఉన్నా ఒక్కొక్క బావి నీళ్ళు ఒక్కొక్క రుచి. ఒక గట్టు మీది ఆయన చేతులు చూసినాను. తాడు రాసుకొని కాయలు కాసినాయి. మనకు పుణ్యం, ఆయనకు షిఫ్టు.

తడి బట్టలతో లోపలికి విడవరు, అందుకని ఒక జత పొడి బట్టలు తప్పక పెట్టుకోండి. లోపల రెండు లింగాలు. లింగం తెమ్మని రాముడు హనుమంతుణ్ణి కైలాసానికి పంపితే రావడం ఆలస్యమయింది, ముహూర్తం దాటిపోకుండా సీతమ్మ ఇసుకతో చేసింది రామలింగం. హనుమంతుడు తర్వాత తెచ్చింది విశ్వలింగం. ఆయన మనసు నొచ్చుకోకూడదని పూజ ముందు విశ్వలింగానికే జరగాలని రాముడు చెప్పినాడంట. దూరం పొయ్యి కష్టపడి తెచ్చినవాడి పనికి ముందు మర్యాద. నాకు ఆ కథ అందుకే ఇష్టం. దర్శనం అయినాక మూడో ప్రాకారంలో నడిచినాము. రామనాథపురం సేతుపతి రాజులు కట్టించింది, స్తంభాలు 1212 అంటారు. వదిన మోకాళ్ళకు ఆ చల్లని నేల మీద నడక హాయిగా ఉండింది.

తిరిగి వచ్చేటప్పుడు పేయ్‌కరుంబు దగ్గర అబ్దుల్ కలాం గారి స్మారకం చూసినాము. పడవ నడిపే ఇంట్లో పుట్టినవాడు. యుద్ధ కాలంలో రైలు రామేశ్వరంలో నిలవక, కదిలే రైలునుంచి విసిరిన పేపరు కట్టలు ఏరి ఊళ్ళో పంచిన పిల్లాడు. మీ పిల్లోళ్ళను తీసుకొని పోతే ఇది తప్పక చూపించండి.

ఖర్చు ముగ్గురికీ కలిపి, బస్సు, రైలు, గది, ఆటో, భోజనం అన్నీ చేరి ఐదువేల చిల్లర అయింది. ఆడి అమావాస్య, తై అమావాస్య రోజుల్లో పోవద్దు, తొక్కిడి ఎక్కువ. మామూలు వారంలో, శనీ ఆదివారాలు తప్పించి పొయ్యేది మంచిది. మోకాళ్ళ నొప్పి మాత్రలు, తువ్వాలు, పొడి బట్టలు, ప్లాస్టిక్ సంచి ఉంటే చాలు. పాత బట్టలు సముద్రంలో విడిచి రావద్దు, అది తీర్థం.

దీపావళి బోనసు వచ్చినప్పుడు బట్టలు, టపాకాయలు, అప్పు అని లెక్క వేస్తాము. ఆ లెక్కలో రెండు రోజులు ఒడ్డున కూర్చొనేదానికి ఒక భాగం తీసిపెట్టండి. రిటైర్ కానీ అని ఆగొద్దు. కాళ్ళు నడిచేటప్పుడే పోండి. వదిన ఇప్పుడు తిరుచెందూరు ఎప్పుడని అడుగుతా ఉండాది.